ఓటమికి పేరు పెట్టినోళ్ళు

బెంగుళూరులో కొత్త టీములో చేరిన ప్రతిసారీ నాకు ఒకటే అనుభవం. "ఏ ఊరు బాస్ మనది?" అంటారు. ప్రొద్దుటూరు అంటాను. "ఓ.. కడప జిల్లానా! సుమోలు, బాంబులు, తొడ కొట్టడాలు.." అని మొదలెడతారు. మా ఊరు అంటే బంగారం అంగళ్ళు, దసరా ఉత్సవాలు అని నేను చెప్పేలోపు వాళ్ళు 'సమరసింహారెడ్డి' దగ్గరికి వెళ్ళిపోయి ఉంటారు. మొదట్లో కోపమొచ్చేది. తర్వాత నవ్వేసేవాణ్ణి. నిజం చెప్పాలంటే లోపల ఎక్కడో కాస్త గర్వంగా కూడా ఉండేది. ఆ గర్వం గురించే ఇవాళ రాయాలనిపించింది. దానికి కారణం మాత్రం మా ఊరు కాదు, బ్రెజిల్!

మొన్నో ఆదివారం పాత కుస్తీ వీడియోలు చూస్తూ కూర్చున్నా. 2000 ఆగస్టులో జపాన్‌లో జరిగిన పోటీ ఒకటి. ఒకవైపు బ్రెజిల్‌లో పేరుమోసిన గ్రేసీ కుటుంబం వాడు రెంజో గ్రేసీ, ఇంకోవైపు జపాన్ వాడు సకురాబా. సకురాబా చెయ్యి మెలిపెట్టాడు. రెంజో మోచెయ్యి తప్పింది. అయినా ఓడిపోయానని చేత్తో తట్టలేదు, రిఫరీయే ఆపేశాడు. నన్ను కదిలించింది అది కాదు, మొండితనం మా పక్క కూడా బోలెడుంది. పోటీ అయ్యాక రెంజో ఏ సాకూ చెప్పలేదు, సకురాబానే మెచ్చుకున్నాడు. అదీ సంగతి.

ఇంకో తమాషా ఏంటంటే ఆ పట్టు పేరు 'కిమురా'. అది మనిషి పేరు. 1951లో రియోలోని మరకానా స్టేడియంలో మసాహికో కిమురా అనే జపాన్ జూడో వీరుడు ఇదే పట్టుతో హీలియో గ్రేసీని ఓడించాడు. హీలియో చెయ్యి విరుగుతున్నా లొంగలేదు, అన్న కార్లోస్ పోటీ ఆపించాడు. తర్వాత ఆ పట్టుకి కిమురా పేరే స్థిరపడిపోయింది. ఇవాళ ప్రపంచంలో ఏ జిమ్‌లో జిజుత్సు నేర్పినా దాన్ని ఆ పేరుతోనే పిలుస్తారు. అంటే మనల్ని చిత్తుగా కొట్టినోడి పేరుని మన పిల్లలకి పాఠంగా చెప్పడమన్నమాట! మా ఊళ్ళో ఇలాంటిది ఊహించుకోడానికి ప్రయత్నించా. నా వల్ల కాలేదు.

అలాగని గ్రేసీలు శాంతమూర్తులేం కాదు. 1955లో తమ అకాడమీలోనే తయారైన వాల్దెమార్ సంతానా, 41 ఏళ్ళ హీలియోని మూడున్నర గంటల పైన సాగిన పోరులో పడగొట్టాడు. అప్పుడు ఇంటి పరువు నిలబెట్టడానికి అన్న కొడుకు కార్ల్‌సన్ దిగాడు, 1956లో గెలిచాడు. (చదువుతుంటే మా పక్క కథలానే లేదూ?) ఆ తర్వాత జిజుత్సు వాళ్ళకీ, 'లూటా లీవ్రే' అనే ఇంకో కుస్తీ వాళ్ళకీ దశాబ్దాల పగ. 1988లో రియో బీచ్‌లో అందరి ముందూ కొట్టుకున్నారు. 1997లో రెంజో, యుజీనియో తదేవుల పోటీ మధ్యలో జనం రింగు మీద పడ్డారు, లైట్లు ఆరిపోయాయి, కుర్చీలు లేచాయి. ఫలితం లేకుండానే ముగిసింది.

సరే, ఇక మన దగ్గరికొద్దాం.

జమ్మలమడుగు పక్కనే గండికోట. పెమ్మసాని నాయకులు ఏలిన కోట. 17వ శతాబ్దం నడిమిలో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా చేతికి పోయింది. 1652లో ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే అక్కడికొచ్చి మీర్ జుమ్లాని కలిశాడు కూడా. మరి కోట ఎలా పోయిందని మా పక్క ఎవర్నడిగినా ఫిరంగుల సంగతి చెప్పరు. పొదిలి లింగన్న ద్రోహం చేశాడు, విషం పెట్టించాడు అంటారు. చిన్నప్పుడు స్కూలు టూర్లో నేనూ ఆ కథ విని పళ్ళు కొరికా. ఇప్పుడు ఆలోచిస్తే అందులో నిజమెంతున్నా, ఆ కథ మనకి ఎంత పనికొస్తుందో కనిపిస్తుంది. ద్రోహం అన్నామనుకోండి, ఇక మనం ఓడిపోయినట్టు కాదు! ఇప్పటికీ ఎన్నికల్లో ఓడిన ప్రతి ఇంట్లో వినిపించే మాట అదే కదా.. "మనోళ్ళే ముంచినారు".

1800లో నిజాం ఈ జిల్లాలని కుంఫిణీకి ఇచ్చేశాడు. థామస్ మన్రో ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చేసరికి సీమలో దాదాపు 80 మంది పాలెగాళ్ళున్నారంటారు. కొందర్ని సైన్యంతో అణిచారు, కొందరికి పింఛన్లిచ్చి కూర్చోబెట్టారు. 1847లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని కోవెలకుంట్లలో ఉరి తీశారు. మా పౌరుషం ఆ పాలెగాళ్ళ రక్తం నుంచే వచ్చిందని చాలామంది రాశారు. నేనూ చాన్నాళ్ళు అదే నమ్మా, చెప్పా కదా, అందులో ఓ కిక్కుంది. కానీ రక్తమే కారణమైతే పగలు ఎప్పటికీ మారకూడదు. మారాయే!

జమ్మలమడుగునే చూడండి. 1983 నుంచి మూడుసార్లు గెలిచి మంత్రి కూడా అయిన పొన్నపురెడ్డి శివారెడ్డి 1993లో హైదరాబాదులో బాంబుదాడిలో హత్యకి గురయ్యాడు. ఆయన అన్న కొడుకు రామసుబ్బారెడ్డి 1994, 1999లో గెలిచాడు. 2004, 2009, 2014లో దేవగుడికి చెందిన ఆదినారాయణరెడ్డి చేతిలో వరసగా ఓడాడు. ఈ రెండు కుటుంబాల మధ్య ఎంత నెత్తురు పారిందో జిల్లాలో అందరికీ తెలుసు. అలాంటిది 2016లో ఆదినారాయణరెడ్డి తెలుగుదేశంలోకి వచ్చాడు, ఇద్దరూ ఒకే పార్టీ అయ్యారు. 2019లో ఒకాయన కడప ఎంపీకి, ఇంకొకాయన జమ్మలమడుగు ఎమ్మెల్యేకి ఒకే గుర్తు మీద నిలబడ్డారు. ఇద్దరూ ఓడారు. తర్వాత ఒకరు బీజేపీకి, ఒకరు వైసీపీకి వెళ్ళిపోయారు. 2024లో బీజేపీ తరఫున ఆదినారాయణరెడ్డి గెలిచాడు. ఎవరిది ఒప్పో ఎవరిది తప్పో చెప్పడం నా ఉద్దేశం కాదు. రక్తంలో ఉందన్న పగ, అవసరమైతే ఒకే జీపెక్కగలదని మాత్రం అర్థమవుతోంది. మరి వాళ్ళ వెనక నడిచి జైళ్ళకి పోయినోళ్ళ సంగతో? వాళ్ళ ఇళ్ళకి ఏ పార్టీ మారాలో ఎవరు చెప్తారు?

పులివెందులలోనూ 1998 మేలో వై.ఎస్. రాజారెడ్డి హత్య జరిగింది. 2011 ఉప ఎన్నికొచ్చేసరికి అదే ఇంట్లో వదిన విజయమ్మ మీద మరిది వివేకానందరెడ్డి పోటీ చేసి 81 వేల పైచిలుకు ఓట్ల తేడాతో ఓడిపోయాడు. పోరు ఊరి మధ్యనుంచి ఇంటి నడవాలోకి వచ్చింది.

మా ప్రొద్దుటూరులో రెండు రకాల ఓటములు చూశాం. నంద్యాల వరదరాజులురెడ్డి 1985 నుంచి 2004 దాకా వరసగా అయిదుసార్లు గెలిచాడు. 2009, 2014లో ఓడాడు. మళ్ళీ 2024లో, పెద్ద వయసులో గెలిచాడు. రెండోది డాక్టర్ ఎం.వి. రమణారెడ్డిది. 1983లో ఎమ్మెల్యే. సీమ నీళ్ళ కోసం ఉద్యమించాడు, పోట్లాటలూ చూశాడు, జైలూ చూశాడు. పదవి మళ్ళీ రాలేదు. ఆయనేం చేశాడయ్యా అంటే, కూర్చుని రాశాడు. 'గాన్ విత్ ద విండ్'ని 'చివరకు మిగిలింది'గా తెలుగు చేశాడు. 'టూకీగా ప్రపంచ చరిత్ర' రాశాడు. 2021లో పోయాడు. ఎమ్మెల్యేగా ఆయన పేరు మా తరంలో చాలామందికి తెలియదు, పుస్తకాలు మాత్రం మా ఇంట్లో ఉన్నాయి.

ఇక మా చిన్నాయన సంగతి. ఆయనకి బండలాగుడు పోటీల పిచ్చి. పోటీ మీకు తెలుసు కదా, పెద్ద రాతిబండని ఎద్దుల జత ఇచ్చిన నిమిషాల్లో ఎన్ని అడుగుల దూరం లాగిందో టేపుతో కొలుస్తారు. ఓసారి ఆయన జత ఆఖరున నిలిచింది. నాకు ఏడుపొచ్చింది. ఆయన మాత్రం ఎద్దుల్ని కడిగి, ఉలవలు పెట్టి, "అవి ఓడిపోయినామని మేత మానినాయేమిరా? వచ్చే తిరణాలకి సూద్దాంలే" అన్నాడు.

అదే మనిషి సర్పంచి ఎన్నికలో 9 ఓట్లతో ఓడాడు. ఎదుటి వర్గానికి పనిచేసింది చిన్నప్పటి స్నేహితుడు. ఆ రోజు నుంచి పదకొండేళ్ళు మాటల్లేవు. పెళ్ళిళ్ళకి పోలేదు, ఆయన కూర్చునే టీ అంగడి కూడా మానేశాడు. ఆ స్నేహితుడు పోయినప్పుడు చిన్నాయన శ్మశానం దాకా నడిచి, వేపచెట్టు కింద దూరంగా నిలబడి వచ్చేశాడు. ఇంటికొచ్చి, "ఒగ మాట మాట్లాడింటే పోయేది" అన్నాడు. అంతే. ఆ రాత్రి అన్నం తినలేదు.

ఒకే మనిషి, రెండు ఓటములు. తేడా ఎక్కడ? ఎద్దుల పోటీలో టేపుంది, కొలత అందరికీ కనిపిస్తుంది. ఓటమి ఆ గెరువు గీత దగ్గరే ఆగిపోతుంది, వచ్చే ఏడు మళ్ళీ పోటీ ఉంది. ఊరి పెత్తనం పోతే అలా కాదు. కాంట్రాక్టు పోతుంది, రేషన్ డీలర్‌షిప్ పోతుంది, రేపు పోలీస్ స్టేషన్‌లో మన మాట చెల్లదు. 1984లో మునసబు, కరణం పదవులు రద్దయ్యాయి గానీ పెత్తనం కోసం పోరు రద్దు కాలేదు. ఓటమికి అంత ఖరీదు పెట్టి, తర్వాత దానికి పౌరుషం అని ముద్దుపేరు పెట్టుకున్నాం. బ్రెజిల్‌లోనూ అంతే. ఓడితే అకాడమీకి శిష్యులు రారు, పొట్ట మీద దెబ్బ. రౌండ్లు, బరువు తరగతులు, రిఫరీలు వచ్చి ఆట ఆటగా మారాకే ఓడినోడు ఇంటికెళ్ళి ప్రశాంతంగా పడుకోగలిగాడు.

మన ఆఫీసుల్లో సర్వర్ పడిపోతే ఎవడు చేశాడని కాకుండా ఏం జరిగిందని రాసుకుంటాం కదా (కనీసం రాసుకోవాలి :)). గండికోట గురించి అలాంటి రిపోర్టు ఒకటి రాస్తే అందులో లింగన్న ఒక లైను, ఫిరంగులు ఒక పేజీ ఉంటాయేమో!

ఈసారి ఎవరైనా "మీ ఊళ్ళో బాంబులంట కదా" అంటే తొడ కొట్టినట్టు నవ్వదల్చుకోలేదు. చిన్నాయన ఎద్దుల గురించి చెప్తా. వినే ఓపికుంటే, ఆ వేపచెట్టు గురించి కూడా.