శిక్షణాశ్రమ పరిశీలన (యువ ఫుట్‌బాలు క్రీడాకారులలో)

ఫుట్‌బాలు నేర్చు బాలబాలికలు మైదానమునందు ప్రతిదినము పడు శ్రమ యెంతయో, ఆ శ్రమను వారి దేహములెట్లు భరించుచున్నవో క్రమము తప్పక కొలిచి లిఖించి, దానినిబట్టి మరునాటి అభ్యాసమును సవరించుకొను పద్ధతికి శిక్షణాశ్రమ పరిశీలనమని పేరు. పరుగెత్తిన దూరము, వేగము, దుముకుల సంఖ్య మొదలగునవి బాహ్యభారము. ఆ పనివలన హృదయము, కండరములు, మనస్సు లోలోపల మోసినది అంతర్భారము. ఒకే మైదానమున ఒకే గంటసేపు ఇద్దరు బాలురు ఒకే పరుగు తీసినను, ఒకనికది లీలామాత్రమై, వేరొకనికి ఉన్న సత్తువనంతయు హరించినదై యుండవచ్చును. ఎదుగుచున్న వయస్సున ఈ భేదము మిక్కుటము గావున అంతర్భారమును తెలిసికొనుటయే ఈ పరిశీలనకు ప్రాణము.

స్వీడను దేశీయుడైన మనోవిజ్ఞాని గున్నార్ బోర్గ్, శ్రమించువాని అనుభూతినే అంకెలలోనికి దింపవచ్చునని చూపి, తొలుత 6 నుండి 20 వరకు గల మానమును నిర్మించెను. యువకుడు చెప్పిన అంకెను పదింట గుణించినచో అతని నాడీవేగము ఇంచుమించుగా రావలెనన్నది ఆ అంకెల యెన్నికలోని ఉద్దేశము. పిమ్మట 1982లో ఆయన 0 నుండి 10 వరకు గల వేరొక మానమును ప్రకటింపగా, అమెరికాలో కార్ల్ ఫాస్టర్ దానిని కొంత సరళము చేసి శిక్షకుల చేతికందించెను. అభ్యాసము ముగిసిన సుమారు అరగంటకు, నేటి శ్రమ మొత్తముమీద ఎట్లుండెనని క్రీడాకారుని అడిగి, అతడు చెప్పిన అంకెను అభ్యాసము జరిగిన నిమిషములతో గుణింపవలెను. 70 నిమిషముల అభ్యాసమునకు ఒకడు 5 అనిన అతని భారము 350. అతని ప్రక్కనే ఆడినవాడు 7 అనిన అతనిది 490. అరగంట ఆగుట యెందులకన, కడపటి పరుగుల ఆయాసమే అభ్యాసమంతటి తీర్పుగా పరిణమింపకుండుటకు.

నోటిమాటపై నిలిచిన ఈ లెక్క నమ్మదగినదేనా యను సందేహము సహజము. ఇటలీ పరిశోధకుడు ఫ్రాంకో ఇంపెల్లిజేరి సహచరులతో కూడి 2004లో ప్రకటించిన పరిశోధనమున, 19 మంది యువ ఫుట్‌బాలు క్రీడాకారులను ఏడు వారములపాటు పరిశీలించి, వారు చెప్పిన అంకెలనుండి వచ్చిన భారమును హృదయస్పందననుబట్టి లెక్కించు మూడు పద్ధతులతో పోల్చెను. ఒక్కొక్క క్రీడాకారుని విషయమున రెండింటి సహసంబంధము 0.50 నుండి 0.85 వరకు కనబడెను. ఈ రెండును ఒకటే యనుటకు అది చాలదు. అయినను పనిముట్లు లేని శిక్షకుడు గ్రుడ్డిగా నడచుకంటె ఈ అంకెను పట్టుకొని నడచుట ఎంతయో మేలనుటకు చాలును. రొమ్మునకు కట్టు హృదయస్పందన పట్టీకిని లోపములు కలవు: క్షణకాలపు దూకుడును, హఠాత్తుగా మలుపు తిరుగుటను అది పూర్తిగా పసిగట్టలేదు, 220 నుండి వయస్సును తీసివేయు ప్రసిద్ధ సూత్రము పిల్లలకు సరిపడదు, ఏలయన బాల్యమున గరిష్ఠ నాడీవేగము ఏటేట తగ్గుచు రాదు. వీపున ధరించు జీపీఎస్ పరికరము దూరమును, వేగమును చెప్పునుగాని అలసటను చెప్పదు.

వారపు మొత్తమొక్కటే చూచుటయు చాలదు. ప్రతిదినము ఒకే తీరున నడచు అభ్యాసము, కష్టదినమును సులభదినము అనుసరించు అభ్యాసముకంటె దేహమునకు భారమని ఫాస్టర్ 1998లో వాదించి, దినసరి భారపు సగటును దాని ప్రామాణిక విచలనముచే భాగించి ఏకరూపతను కొలుచు మార్గము చూపెను.

అన్నిటికంటె జాగ్రత్త వలసినది ఎదుగుదల విషయమున. మగపిల్లలు సుమారు 14వ యేట, ఆడపిల్లలు సుమారు 12వ యేట అత్యధిక వేగముతో పొడవెదుగుదురు. అయితే ఈ ఘట్టము ఒకరికి ముందుగాను, ఒకరికి వెనుకగాను వచ్చుటచే, ఒకే జట్టులోని సమవయస్కులు దేహముచే సమవయస్కులు కారు. ఎముక వేగముగా సాగు ఆ కాలమున దానిని పట్టియుండు స్నాయువులు, ఎదుగుచున్న మృదులాస్థి లాగుడునకు లోనగును. 1903లో బోస్టను వైద్యుడు ఆస్‌గుడ్, జూరిచ్ వైద్యుడు ష్లాటర్ వేరువేరుగా వర్ణించిన మోకాలి దిగువ నొప్పియు, 1912లో వైద్యుడు సీవర్ వర్ణించిన మడమ నొప్పియు ఈ కాలపు వ్యాధులే. పరుగులు, దుముకులు అధికమైనకొలది అవి ముదురును. కొందరు ఇంగ్లండు శిక్షకులు వయస్సునుబట్టి గాక దేహపరిపక్వతనుబట్టి పిల్లలను జట్లుగా విభజించి ఆడించుటకు ఇదియు నొక కారణము.

అడుగు విధముననే ఈ పద్ధతి బాగోగులు నిర్ణయమగును. తోటివారి యెదుట అడిగిన బాలుడు పిరికివాడనిపించుకొనునను సంకోచమున తక్కువ చెప్పును. జట్టునుండి తొలగింతురను భయమున్నవాడును అంతే. కావున ఒక్కొక్కరిని వేరుగా అడుగుట ఆవశ్యకము. పసివారికి అంకెలు బోధపడవు గనుక, సైకిలుపై ఎత్తెక్కు పిల్లవాని బొమ్మలతో కూడిన మానమును అమెరికా పరిశోధకులు 2000లో ప్రవేశపెట్టిరి. అడుగక శిక్షకుడు తానే ఊహించుటయు తగదు: హాలెండు యువజట్లలో 2014లో ప్రకటింపబడిన పరిశీలనమున, శిక్షకులు తలపెట్టినదానికంటె క్రీడాకారులు అనుభవించిన శ్రమ యెక్కువగా తేలినది.

వ్యాయామోపాధ్యాయులారా, ఈ పనికి విలువైన యంత్రములు అక్కరలేదు. ప్రతి బాలుని పేర ఒక నోటుపుస్తకపు పుటను కేటాయించి, అభ్యాసానంతరము అతడు చెప్పిన అంకెను, మూడు నెలలకొకమారు అతని ఎత్తును వ్రాసి ఉంచుడు. మోకాలు నొచ్చుచున్నదని పిల్లవాడు చెప్పిననాడు దానిని సోమరితనమని త్రోసిపుచ్చక, అతనిచే పరుగు మాన్పించి వైద్యునికి చూపుడు.