విదేశీ జీవిత భాగస్వామి, పౌరసత్వ చట్టాలు: పశ్చిమ ప్రకాశం నుంచి ఒక పరిశీలన

మీ ఊరు మార్కాపురం అనుకోండి, లేదా గిద్దలూరు. మీ వీధిలో ఒక కుటుంబం అబ్బాయి విదేశంలో చదువుకొని, అక్కడి అమ్మాయిని పెళ్లి చేసుకొని ఇంటికి తీసుకొచ్చాడు. ఊరివాళ్లకు ఆమె ఆ రోజు నుంచే ఫలానా వారి కోడలు. ప్రభుత్వం దృష్టిలో మాత్రం ఆమె ఇంకా విదేశీయురాలే. వీసా గడువు ఎప్పుడు ముగుస్తుంది, ఎక్కడ నమోదు చేసుకోవాలి, పెళ్లి ధ్రువపత్రం ఉందా అన్న ప్రశ్నలు మొదలవుతాయి. "పెళ్లయ్యాక ఇంకా పరాయి మనిషేమిటి?" అని పెద్దవాళ్లు అడగడం సహజం. ఆ ప్రశ్నను తేలికగా తీసుకోకండి. భార్యకు భర్త దేశమే దేశమన్న ఆ నమ్మకం ఒకప్పుడు అక్షరాలా చట్టమే. అది చట్టంగా ఎప్పుడు పోయింది, దాని స్థానంలో ఏం వచ్చిందన్నదే ఈ వ్యాసంలో మీరు పరిశీలించే విషయం.

ముందు మన ప్రాంతపు పరిపాలనా చరిత్రను గుర్తు చేసుకోవాలి. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడేదాకా మార్కాపురం, గిద్దలూరు, కంభం ప్రాంతాలు కర్నూలు జిల్లాలో ఉండేవి. ఆ కొత్త జిల్లాకు 1972లో ప్రకాశం జిల్లా అని పేరు మార్చారు. రాష్ట్రం కూడా మారుతూ వచ్చింది: 1953 వరకు మద్రాసు, ఆ తర్వాత కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం, 1956 నుంచి ఆంధ్రప్రదేశ్. మార్కాపురంలో ఒకే ఇంట్లో కదలకుండా ఉన్న మనిషి ఫైలు కూడా ఈ ఇరవై ఏళ్లలో ఎన్ని చేతులు మారి ఉంటుందో ఆలోచించండి. గిద్దలూరు వారికి ఒంగోలు కన్నా నంద్యాలే దగ్గర. అయినా 1970 తర్వాత దశాబ్దాల పాటు జిల్లా కార్యాలయంలో పని పడితే ఒంగోలు ప్రయాణం తప్పేది కాదు.

విదేశీయుల గురించి బ్రిటిష్ ఇండియాలో 1864లోనే ఒక చట్టం వచ్చింది. అయితే 'విదేశీయుడు' అన్న మాటకు నేటి అర్థం అప్పుడు లేదు. ఇంగ్లండు నుంచి వచ్చిన కలెక్టరు విదేశీయుడు కాడు, ఎందుకంటే అతడూ, మార్కాపురం రైతూ ఇద్దరూ ఒకే చక్రవర్తి ప్రజలు. కానీ పంతొమ్మిదో శతాబ్దం చివర కంభం, మార్కాపురాలలో కేంద్రాలు ఏర్పాటు చేసుకున్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు, తెలుగు ధారాళంగా మాట్లాడినా సరే, చట్టం ప్రకారం విదేశీయులే. రంగును బట్టి, భాషను బట్టి ఎవరు పరాయివారో చెప్పగలమనుకునేవారు ఈ ఉదాహరణను గుర్తుంచుకోవాలి.

ఇక పెళ్లి విషయం. 1870 నాటి బ్రిటిష్ చట్టం వివాహిత స్త్రీని ఆమె భర్త ఏ రాజ్యపు ప్రజ అయితే ఆ రాజ్యపు ప్రజగానే లెక్కించింది. 1914 నాటి బ్రిటిష్ జాతీయతా చట్టం ఈ సూత్రాన్ని కొనసాగించింది. దీని ప్రకారం 1920 ప్రాంతంలో ఒక అమెరికన్ యువతి మార్కాపురం వాసిని పెళ్లాడిందని ఊహించుకుంటే, ఆమె దరఖాస్తు పెట్టకుండానే, ఎవరి అనుమతీ అడగకుండానే బ్రిటిష్ ప్రజ అవుతుంది. అదే యువతి నంద్యాలకు అవతల ఉన్న బనగానపల్లె సంస్థానం వాసిని పెళ్లాడితే అలా కాదు. బనగానపల్లె నవాబు పాలనలోని సంస్థానం. అక్కడివారు 'బ్రిటిష్ రక్షణలోని వ్యక్తులు' మాత్రమే, బ్రిటిష్ ప్రజలు కారు. ఈ రెండు ఊళ్ల మధ్య ఆమె జాతీయత మారిపోయేది.

భర్త దేశం ఆమెను ఇలా చేర్చుకుంటే, పుట్టిన దేశం వదిలేసేది. 1907 నాటి అమెరికా చట్టం ప్రకారం విదేశీయుణ్ణి పెళ్లాడిన అమెరికన్ స్త్రీ తన పౌరసత్వం కోల్పోయేది. 1922లో కేబుల్ చట్టం ఈ నియమాన్ని సడలించినా, భర్త అమెరికా పౌరసత్వానికి అర్హుడు కాకపోతే ఆ సడలింపు వర్తించేది కాదు. మరుసటి ఏడాది భగత్ సింగ్ థిండ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని తేల్చడంతో, భారతీయులను పెళ్లాడిన అమెరికన్ స్త్రీలు ఆ పరిధిలోకి వచ్చారు. విప్లవకారుడు తారక్‌నాథ్ దాస్ భార్య మేరీ ఇలాగే తన పౌరసత్వం పోగొట్టుకుంది. 1931లో ఆ నిబంధన తొలగింది. పాత పద్ధతిలో కాగితాల బాధ లేకపోవడం నిజమే. ఆమె ఇష్టాన్ని అడిగేవారు కూడా ఎవరూ లేరన్నది అంతే నిజం.

కాగితాల కాలం యుద్ధాలతో మొదలైంది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత 1920లో దేశంలోకి ప్రవేశించడానికి పాస్‌పోర్టు చట్టం, రెండో యుద్ధం మొదలైన 1939లో విదేశీయుల నమోదు చట్టం, 1946లో విదేశీయుల చట్టం వచ్చాయి. వీటితో జిల్లా పోలీసు సూపరింటెండెంటు కార్యాలయం విదేశీయుల నమోదు కార్యాలయం కూడా అయింది. 1946 చట్టంలోని 9వ సెక్షన్ మీరు ప్రత్యేకంగా గమనించాలి. ఒక వ్యక్తి విదేశీయుడా కాదా అన్న వివాదం వస్తే, తాను విదేశీయుణ్ణి కానని నిరూపించుకునే బాధ్యత ఆ వ్యక్తిదే. పుట్టిన తేదీ కాగితం మీద లేని మనుషులు ఎక్కువగా ఉన్న దేశంలో ఇది చిన్న భారం కాదు.

రాజ్యాంగం తాను అమల్లోకి వచ్చేనాటికి ఎవరు పౌరులో చెప్పి, తర్వాతి సంగతులు పార్లమెంటుకు వదిలింది. అలా వచ్చినదే 1955 పౌరసత్వ చట్టం. భార్య జాతీయత దానంతటదే మారిపోయే పద్ధతికి ఇందులో చోటు లేదు. ఆమె కోరుకుంటేనే, 5వ సెక్షన్ కింద దరఖాస్తు చేసుకొని, నమోదు ద్వారా పౌరురాలు కావచ్చు. ఇది ముందడుగే. కానీ ఆ సెక్షన్ భారత పౌరులను పెళ్లాడిన 'స్త్రీల' గురించే మాట్లాడింది. గిద్దలూరు అమ్మాయిని పెళ్లాడిన విదేశీయుడికి ఆ దారి లేదు. అతడు మిగతా విదేశీయులలాగే దేశీయకరణ పద్ధతిలో రావాలి. కోడలు ఇంటి మనిషి, అల్లుడు పైవాడు అన్న ఇంటి లెక్కే చట్టంలోనూ కనిపిస్తుంది. 1986 సవరణ 'స్త్రీలు' అన్న చోట 'వ్యక్తులు' అని చేర్చి ఈ తేడాను తొలగించింది. అదే సమయంలో ఐదేళ్ల నివాసం షరతు పెట్టింది. 2003 సవరణతో అది ఏడేళ్లయింది. విదేశంలో పుట్టిన బిడ్డకు తల్లి ద్వారా భారత పౌరసత్వం రావడం 1992 సవరణ తర్వాతే సాధ్యమైంది. అంతవరకు తండ్రి మాత్రమే లెక్క.

దారి ఉన్నంత మాత్రాన అందరూ వెంటనే వెళ్లరు. అందరికీ తెలిసిన ఉదాహరణ సోనియా గాంధీ: 1968లో వివాహం, 1983లో నమోదు ద్వారా పౌరసత్వం. భారత చట్టం రెండు దేశాల పౌరసత్వాన్ని ఒప్పుకోదు కాబట్టి, పుట్టిన దేశాన్ని కాగితం మీద వదులుకోవడం ఎవరికైనా ఆలోచించవలసిన పనే.

చట్టాల చరిత్ర చదివేటప్పుడు సంవత్సరాల కన్నా మాటలను జాగ్రత్తగా చూడండి. 1955 నాటి వాక్యం భారత పౌరులను పెళ్లాడి ఉన్నవారితో పాటు, 'గతంలో పెళ్లాడిన' వారిని కూడా కలుపుకుంది. అంటే భర్త చనిపోయినా ఆమెకు ఆ దారి మూసుకుపోలేదు. నేటి వాక్యంలో ఆ మాటలు లేవు. పౌరుణ్ణి లేదా పౌరురాలిని 'వివాహమాడి ఉన్న వ్యక్తి' అని మాత్రమే ఉంది. ఆరేళ్లు కాపురం చేసి, ఏడో ఏడు నిండకముందే భర్తను పోగొట్టుకున్న స్త్రీ పరిస్థితి ఏమిటి? 1986లో స్త్రీ పురుష సమానత్వం తెచ్చినందుకు మెచ్చుకునే పాఠ్యపుస్తకాలు, తర్వాత జారిపోయిన ఈ రెండు మూడు మాటలను సాధారణంగా పట్టించుకోవు.

ఇప్పటి పద్ధతి క్లుప్తంగా ఇది. 180 రోజులకు మించిన వీసాతో వచ్చినవారు సాధారణంగా 14 రోజుల్లోగా నమోదు చేసుకోవాలి. 2018 నుంచి ఈ పని చాలావరకు ఆన్‌లైన్‌లో జరుగుతోంది. ఇక్కడే పెళ్లి చేసుకునేవారు 1954 ప్రత్యేక వివాహ చట్టాన్ని ఆశ్రయిస్తే ముప్పై రోజుల నోటీసు తప్పదు. అందుకే వీసా తేదీలు, నోటీసు తేదీలు కలిపి లెక్కవేసుకోవాలి. 2015 సవరణ ప్రకారం, వివాహం నమోదై, దరఖాస్తుకు ముందు కనీసం రెండేళ్లు ఎడతెగకుండా కొనసాగితే, భద్రతా పరిశీలన తర్వాత విదేశీ జీవిత భాగస్వామికి ఓసీఐ కార్డు ఇవ్వవచ్చు. పాకిస్తాన్, బంగ్లాదేశ్ మూలాలు ఉన్నవారికి ఈ అవకాశం లేదు. ఓసీఐ పౌరసత్వం కాదు: ఓటు లేదు, వ్యవసాయ భూమి కొనే హక్కు లేదు. వివాహం రద్దయితే కార్డునూ రద్దు చేయవచ్చు. అగ్ని సాక్షిగా, పందిట్లో వందలమంది ముందు జరిగిన పెళ్లికి కూడా ఇక్కడ రిజిస్ట్రారు ఇచ్చిన పత్రమే రుజువు. ఆంధ్రప్రదేశ్‌లో 2002 నుంచి వివాహ నమోదును తప్పనిసరి చేస్తూ చట్టం ఉన్నా, పత్రం అవసరం పడ్డాకే దాన్ని వెతుక్కోవడం చాలా ఇళ్లలో మామూలు.

జిల్లా స్థాయిలో దరఖాస్తు తీసుకుంటారు, విచారిస్తారు. నిర్ణయం మాత్రం ఢిల్లీది. ఈ విభజన ఊరికే వచ్చింది కాదు. పాకిస్తాన్ పాస్‌పోర్టు తీసుకున్నారన్న కారణంతో కొందరిని దేశం నుంచి పంపించివేయాలని చూసినప్పుడు, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, సయ్యద్ మొహమ్మద్ ఖాన్ కేసులో (1962) సుప్రీంకోర్టు ఒక విషయం స్పష్టం చేసింది: వారు భారత పౌరసత్వం కోల్పోయారా లేదా అన్నది ముందు కేంద్ర ప్రభుత్వం విచారించి తేల్చాలి, అంతవరకు వారిని విదేశీయులుగా చూసి పంపించడానికి వీల్లేదు.

2025 సెప్టెంబరు 1 నుంచి 1920, 1939, 1946 చట్టాల స్థానంలో వలస, విదేశీయుల చట్టం, 2025 అమల్లోకి వచ్చింది. మీ ప్రాజెక్టు పనికి ఈ విషయాన్ని ఎంచుకుంటే, ఆ మూడు పాత చట్టాలనూ దీనినీ పక్కపక్కన పెట్టి చదవండి. 1970కి ముందు మన ప్రాంతంలో విదేశీయుల నమోదు గురించి వెతికేటప్పుడు మాత్రం ఒంగోలు రికార్డుల దగ్గర ఆగిపోకండి. ఆనాటి జిల్లా కేంద్రం కర్నూలు.