నల్లరేగడి సీమలో తెలుగువారి మచ్చుకత్తి

విరుదునగరమునుండి సాత్తూరు మీదుగా కోవిల్పట్టికి పోవు దారిలో ఇరువైపులను నల్లరేగడి నేల కనబడును. తమిళులు దీనిని కరిసల్ భూమి యందురు. ఈ నేలను దున్ని బ్రదుకుచున్నవారిలో ఇంట తెలుగు మాటలాడు కమ్మవారు, రెడ్లు, రాజకంబళ నాయకులు మొదలగువారు అనేకులు కలరు. వీరి పూర్వుల చరిత్ర వ్రాసినవారు పాలెగాండ్ర ఖడ్గములను గూర్చియు, కోటలను గూర్చియు విరివిగా వ్రాసిరి. అది తగినదే. కాని అడవిగా నున్న ఈ సీమను పొలముగా మార్చిన పనిముట్టు ఖడ్గము కాదు. అది ఇంటి చూరున చెక్కియుండెడి మచ్చుకత్తి. తమిళమున దానిని అరివాళ్ అందురు, వాడుకలో అరువాళ్. ఆ కత్తిని ఎన్నుకొను విధమును, ఆ ఎన్నిక వెనుకనున్న చరిత్రను ఈ వ్యాసమున పరిశీలింప దలచితిని. వలస వచ్చినవాడు భాషను తన వెంట తెచ్చుకొనగలడు గాని, కత్తిని మాత్రము వచ్చిన నేల చెప్పినట్లు మార్చుకొనవలసి వచ్చునని నాకు తోచినది. ఆ మాటకు గల ఆధారములను చూతము.

ముందుగా పదమును గూర్చి ఒక మాట. అరివాళ్ అను దానిలో 'అరి' యనగా కోయుట, 'వాళ్' అనగా ఖడ్గము. ఈ వాళ్ మనకు పరాయిది కాదు. ప్రాచీనాంధ్రమున వాలు అనగా కత్తియే. కొడవలి అను మన మాటలో వంపును తెలుపు 'కొడు' అను ధాతువును, ఈ వాలును కలిసియున్నవని నా అభిప్రాయము; తమిళమునందలి కొడువాళ్ దానికి తోబుట్టువు. కనుక తెలుగువాడు దక్షిణమునకు పోయి కొలిమి ముందు నిలిచినప్పుడు వినిన పేరు కొత్తదైనను, అందలి వేరు పాతదే. అయితే మనవారు కొడవలి అను పేరును కోత పనిముట్టునకు నిలిపికొనిరి. తమిళులు అరివాళ్ అను ఒక్క పేరుక్రింద కంకులు కోయు కదిరరివాళ్‌ను, కొమ్మలు నరుకు వెట్టరివాళ్‌ను, తాటి గెలలు చెక్కు పాళై అరివాళ్‌ను కూడ చేర్చిరి. మన వ్యాసమునకు విషయము రెండవది. రాయలసీమలో వేటకొడవలి యనునది దీనికి దగ్గర చుట్టము.

శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యదకు కథాస్థలమైన శ్రీవిల్లిపుత్తూరు నేడు విరుదునగరం జిల్లాలోనే యున్నది. ఆ కావ్యమునందలి రాజనీతి భాగమున అడవులను గూర్చి చెప్పుచు, పొలిమేర దుర్గముల చెంతనున్న అడవిని పెంచుమనియు, రాజ్యమధ్యముననున్న దానిని దొంగల బాధ లేకుండునట్లు నరికించుమనియు రాయలు ఉపదేశించెను. రాయలు గతించిన 1529లోనే విశ్వనాథ నాయకుడు మధుర పాలనకు వచ్చెనని చరిత్రకారులు సాధారణముగా చెప్పుదురు. ఆ తరువాత ఏర్పడిన పాళెముల వ్యవస్థలో తెలుగు కుటుంబములు పెక్కు ఈ దక్షిణ ప్రాంతమునకు వచ్చి కుదురుకొనెను. రాజు నరికించుమని చెప్పుట ఒక పద్యముతో తీరును. నరుకుట తరముల పని. కోవిల్పట్టి చేరువనున్న ఇడైసెవల్ గ్రామమునకు చెందిన తెలుగింటి బిడ్డ, 2021లో పరమపదించిన కి. రాజనారాయణన్, 1976లో వెలువడిన గోపల్ల గ్రామం అను తమిళ నవలలో ఉత్తరమునుండి పారివచ్చి అడవిని సాగులోనికి తెచ్చిన ఇట్టి కుటుంబముల కథనే చెప్పెను. దానిని చదివినవారికి నేను చెప్పబోవునది సులభముగా బోధపడును.

ఈ సీమలోని అడవి యనగా మలబారు అడవి వంటిది కాదు. ఇచటి వాన ఎక్కువగా ఈశాన్య ఋతుపవనములదే. మిగిలిన కాలమంతయు ఎండ. అందుచేత పెరుగునవి నల్లతుమ్మ, గొడుగువలె పరచుకొను ఉడై తుమ్మ, వెలుతురు చెట్టు, తాడి. తాడిని విడిచినచో అన్నియు ముళ్ళు. ముల్లు కంపను నరుకువాడు దానిని చేతితో పట్టుకొనజాలడు. ఎడమచేత పంగలకర్రతో కొమ్మను ఎత్తి ఒత్తిపట్టి, కుడిచేత వ్రేటు వేయవలెను. ఇక్కడనే కత్తి యొక్క వంపు పని తెలియును. తిన్నని కత్తి కొమ్మపై జారిపోవును. మొన వంగిన కత్తియైతే కొమ్మ ఆ వంపులో చిక్కి తన బరువుతో తానే తెగును. తెగిన కంపను ఆ మొనతోనే దగ్గరకు లాగుకొనవచ్చును. వ్రేటు తప్పి క్రిందికి పోయినను, మొన వంగియుండుటచేత వాదర సూటిగా రాతిని తాకదు. మేకల కాపరి దోటి చివర కట్టుకొను చిన్న కత్తిలోను ఈ వంపే యున్నది. ఏ పండితుడును గీసి యిచ్చిన రూపము కాదు. ముళ్ళు నేర్పిన రూపము.

ఇక ఎన్నిక సంగతి. మొదట తేల్చుకొనవలసినది మడత కత్తియా, మడవని కత్తియా యనునది. మడత కత్తికి కీలు కలదు. వ్రేటు బలమంతయు ఆ కీలుపై పడును. పండు కోయుటకు అది చాలును, కొమ్మ నరుకుటకు చాలదు. పిడిలోనికి దిగిన కాడ గల ఒకే ఇనుపముక్క కత్తియే బయటి పనులకు పనికివచ్చును. ఆ కాడ పొడవుగా పిడిలోనికి పోయి, పిడి నోటివద్ద పొన్ను బిగుతుగా నుండవలెను. పిడి చివర కొంచెము లావుగా నున్నచో చెమట చేతినుండి జారదు. కత్తులు విరుగుట అరుదు, పిడులు ఊడుట తరుచు. ఊడిన కత్తి ఎదుటివాని మీదికి పోవును. కాబట్టి కొనువాడు వాదరకన్న ముందు పిడిని చూడవలెను.

తరువాత ఉక్కు. ఈ కాలమున కమ్మరులు ఎక్కువగా మోటారు బండ్ల కమాను పట్టాలను కాచి కత్తులు సాగగొట్టుచున్నారు. ఆ ఉక్కులో నూటికి సుమారు 0.5 నుండి 0.6 పాళ్ళ కర్బనముండును. మచ్చుకత్తికి అది తగిన పాలు. నేర్పుగల కమ్మరి కత్తినంతయు నీట ముంచడు. వాదరను మాత్రము ముంచి గట్టిపరచి, వీపును మెత్తగా నుంచును. వీపు మెత్తనైనందున వ్రేటు అదురు ఓర్చుకొనును, వాదర గట్టియైనందున పదును నిలుచును. ఆకురాయితో వాదరను మెల్లగా రాచి చూచినచో సంగతి తెలియును: ఆకురాయి జారిపోయిన పదును మితిమించినది, పెళుసుగా విరుగును, లోతుగా తినివేసిన పదును పట్టలేదు, కొద్దిగా మాత్రము పట్టుకొన్నచో మంచిది. కత్తిని వ్రేలాడదీసి గోటితో మీటినప్పుడు గణగణ మ్రోగవలెను. బొద్దుధ్వని వచ్చినచో ఎక్కడనో పగులున్నదని అనుమానింపవలెను.

ఈ పరీక్షలను నేను పుస్తకములలో చదివి నేర్చినవాడను కాను. చిన్నతనమున ఒక సంతలో మెరుగు చూచి మురిసి ఒక కత్తి కొంటిని. మొదటి దినముననే ఎండు తుమ్మ మొద్దుపై దాని వాదర పెళ్ళులుగా రాలిపోయినది. మా పెదనాయన దానిని తిప్పి చూచి, "నువ్వు మెరుపు కొన్నావురా అబ్బాయి, కత్తి కొనలేదు" అనెను. మరుసటి వారము ఆయనయే నన్ను కొలిమికి వెంటబెట్టుకొని పోయెను. ఆయన మాతో తెలుగున మాటలాడుచుండెను, కమ్మరితో తమిళమున బేరమాడుచుండెను. కత్తిని గూర్చిన తెలుగు మాటలు ఇంటిలోనే నిలిచిపోయినవని ఆ దినమున నాకు తోచలేదు గాని, ఇప్పుడు తోచుచున్నది.

బరువును గూర్చి వాదములు కలవు. ఎండు మొద్దులు చీల్చువాడు కిలో బరువు కోరును. కాని దినమంతయు తిరుగుచు కంప నరుకువానికి ముప్పాతిక కిలో మించినచో మణికట్టు నొచ్చుననియే నా అభిప్రాయము. మధ్య అమెరికా, దక్షిణ అమెరికాలలో వాడెడి మచేటె యను కత్తి రెండు మూడు మిల్లీమీటర్ల దళసరి మాత్రమే యుండును, పొడవు ఎక్కువ. పచ్చగడ్డి, మెత్తని కాడలు, తీగలు నరుకుటకు అది మిక్కిలి మేలు. దానిని తెచ్చి మన ఎండు తుమ్మపై వేసినచో అదురుచు వెనుకకు ఎగురును. మలయాదేశపు పరంగు, నేపాళపు ఖుక్రీ దళసరిలో మన అరివాళ్‌కు దగ్గర. నాటాలు, ఫిజీ, మారిషసు దీవులకు కూలికి పోయిన తెలుగువారు చేతబట్టిన చెరకు కత్తి వెడల్పైన పలుచని రేకు. ఆకులు లాగుటకు వీపున చిన్న కొక్కెము గల రకములును కలవు. అక్కడను అంతే: మాటలు తెలుగు మాటలే, కత్తి చెరకు చెప్పిన కత్తి.

ఈ సీమలో కత్తికి లొంగని మొక్కలు రెండు వచ్చినవి. మొదటిది నాగజెముడు. అమెరికా ఖండమునుండి వచ్చి కంచెలుగా నాటబడి, పొలములను బీళ్ళను ఆక్రమించినది. దీనిని నరికిన కొలది పెరుగును, ఏలయనగా తెగిపడిన ప్రతి మట్టయు వేరు పట్టును. మనుష్యుల కత్తులు చేయలేని పనిని ఒక పురుగు చేసినది. 1926లో సింహళమునుండి తెచ్చి విడిచిన ఒక జాతి కోచినీలు పురుగు దక్షిణదేశమున జెముడు పొదలను ఎండగట్టివేసెను. రెండవది సర్కారు తుమ్మ. తమిళులు సీమై కరువేలం అందురు. 1877లో జమైకానుండి తెప్పించిన విత్తులతో దీనిని మన కడప మండలమున కమలాపురము ప్రాంతమున నాటిరి. తెలుగుదేశమున తొలుత వేరూనిన ఈ పరదేశి నేడు విరుదునగరం, రామనాథపురం జిల్లాలలో ఇంటి మనిషివలె కూర్చున్నది. దీనిని పైపైన నరికినచో మొదటినుండి పది పిలకలు లేచును. కాని దీని బొగ్గుతో బ్రదుకు కుటుంబములు అనేకము. మదురై ధర్మాసనము 2017లో దీనిని తొలగింపుమని ఆదేశించినపుడు, వేరుతో పెకలింపక కత్తికి పని లేదని రైతులకు ముందే తెలియును. బొగ్గు కొరకైతే పిలకలు లేచుటయే లాభము. కాబట్టి ఒకే కత్తి ఒకనికి శత్రుసంహారము, వేరొకనికి పంట కోత.

ఇక కత్తికిని రాజ్యమునకును గల సంబంధము. తెలుగు మాతృభాషగా గల వీరపాండ్య కట్టబొమ్మ నాయకుని 1799 అక్టోబరు 16న కోవిల్పట్టికి దక్షిణముననున్న కయత్తారు వద్ద ఉరితీసిరి. 1801లో అతని తమ్ముడు ఊమైదొర నడపిన యుద్ధము ముగిసిన పిదప, ఆ సంవత్సరము డిసెంబరు 1న మద్రాసు గవర్నరు ఎడ్వర్డు క్లైవు ప్రకటన మూలమున దక్షిణ పాళెములవారి ఆయుధములను విడిపించి, కోటలను పడగొట్టించెను. తుపాకులు, ఈటెలు పోయినవి. కాని కంప నరుకు కత్తిని తీసికొన్నచో సేద్యమే సాగదు, శిస్తును రాదు. ఈ సూక్ష్మమును తరువాతి చట్టములు స్పష్టముగా వ్రాసినవి. 1959 నాటి ఆయుధ చట్టము క్రింద వెలువడిన 1962 నియమములలో 9 అంగుళములకు మించిన పొడవు గాని, 2 అంగుళములకు మించిన వెడల్పు గాని గల కత్తులు ఆయుధములుగా చెప్పబడినవి. అయితే ఇంటి పనులకు, సేద్యమునకు, శాస్త్ర పరిశోధనకు, పరిశ్రమలకు ఉద్దేశింపబడినవి అందులోనికి రావు. కొలతనుబట్టి చూచినచో మన మచ్చుకత్తి పెక్కుసార్లు గీత దాటును. ప్రయోజనమునుబట్టి ఈవలనే నిలుచును. శివగంగ జిల్లా తిరుప్పాచేత్తి అరివాళ్‌కు పేరుపడినది. చలనచిత్రములవలన ఆ పేరు వినగానే జనులకు కొట్లాటలే స్ఫురించుచున్నవి. అయ్యనారు, కరుప్పసామి గుడుల ముందు మ్రొక్కుబడిగా నిలిపిన పెద్ద అరివాళ్లను చూచి బయటివారు భయపడుటయు కలదు. ఆ కొలిముల ఉత్పత్తిలో కంపకు, కొబ్బరికి, కట్టెలకు పోవు పాలెంతయో వారు తలపరు.

మూలికలు, కొమ్మలు, విత్తనములు సేకరించువారికి రెండు మాటలు. రాబర్టు వైట్ అను వృక్షశాస్త్రజ్ఞుడు 1835 ప్రాంతమున పాళయంకోట, కుర్తాళము పరిసరములలో మొక్కలు సేకరించెను. ఆయన గ్రంథములకు బొమ్మలు వ్రాసిన రంగయ్య, గోవిందు అనువారు పేర్లనుబట్టి తెలుగువారని తోచును. అట్టి సేకరణకు పెద్ద బరువు కత్తి అక్కరలేదు. అరకిలోకు లోబడిన, మొన కొద్దిగా మాత్రము వంగిన కత్తి చాలును. దుంపలు త్రవ్వుటకు గునపమును వాడవలెనే గాని కత్తి మొనను మన్నులో గ్రుచ్చరాదు. రాజపాళయమునకు పడమట కొండలెక్కినచో ముళ్ళు తగ్గి తీగలు పెరుగును. అక్కడ పలుచని, పొడవైన కత్తి మేలు. అయితే శ్రీవిల్లిపుత్తూరు కొండలు 1988నుండి అభయారణ్యము, 2021నుండి మేఘమలైతో కలిసి పులుల సంరక్షణ ప్రాంతము. 1972 వన్యప్రాణి చట్టము కత్తిని కూడ ఆయుధముగా లెక్కించినది. వ్రాతపూర్వకమైన అనుమతి లేక ఏ కత్తితోను ఆ హద్దు దాటరాదు.

ఈ సీమలోని తెలుగిండ్లలో పెద్దలు కత్తి భాగములకు చెప్పు మాటలను ఎవరును ఇంతవరకు ఒకచోట చేర్చినట్లు కనబడదు. పిడి, పొన్ను, కాడ, వీపు, వాదర, మొన అని నేను వ్రాసిన ఆరింటిలో ఏవి సాత్తూరు వైపున వినబడునో, ఏవి విళాత్తికుళము వైపున మారినవో, ఎక్కడ తమిళ పదము వచ్చి చేరినదో ఊరూర విని వ్రాసికొనవలసియున్నది. విన్నవారు ఊరి పేరుతోను, చెప్పినవారి వయస్సుతోను సంఘమునకు వ్రాసి పంపినచో, రాబోవు సంచికలో వానిని పట్టికగా ప్రకటింపవచ్చును.