బంజరు తరంగాలు

"హ్యామ్" అన్న మాట పుట్టుకలో గౌరవమేమీ లేదు. తీగల మీద తంతి నడిచిన రోజుల్లో మోర్సు మీట సరిగా కొట్టడం చేతకాని ఆపరేటరును తోటివారు అలా వెక్కిరించేవారు. వైర్‌లెస్ వచ్చాక, జీతం భత్యం లేకుండా ఇంట్లో కూర్చుని సంకేతాలు పంపే ఔత్సాహికులకు ఉద్యోగులైన ఆపరేటర్లు అదే పేరు తగిలించారు. వారు ఆ తిట్టునే బిరుదుగా స్వీకరించారు. అమెచ్యూర్ రేడియో నేర్చుకోదలచిన మిత్రులు సాధారణంగా మొదట అడిగేది పరికరం ఖరీదెంత అని. అంతకన్నా ముందు తెలుసుకోదగిన కథ ఒకటి ఉంది.

1912 ఏప్రిల్‌లో టైటానిక్ మునిగింది. ఆ ప్రమాద సమయంలో ఆకాశమంతా అడ్డదిడ్డమైన సంకేతాలతో నిండిపోయిందనీ, అందుకు ఔత్సాహికులే కారకులనీ ఆరోపణలు వచ్చాయి. అదే ఏడాది ఆగస్టులో అమెరికా ప్రభుత్వం రేడియో చట్టం చేసింది. ఇకపై ఔత్సాహికులకు లైసెన్సు తప్పనిసరి. పైగా 200 మీటర్లు, అంతకన్నా పొట్టి తరంగాలే వారి వాటా. తరంగం ఎంత పొడవైతే అంత దూరం పోతుందన్నది ఆనాటి నిపుణుల లెక్క. ఆ లెక్క ప్రకారం 200 మీటర్లకు దిగువన ఉన్నదంతా పనికిరాని సరుకు. కాలువ కింది మాగాణి అంతా కామందులకు రాసి, మిగిలిన చవిటి నేలకు పేదవాడి పేర పట్టా ఇచ్చినట్టన్న మాట. ఈ దెబ్బతో పిల్లకాయల సరదా దానంతట అదే అణగిపోతుందని చాలామంది అనుకున్నారు.

అణగలేదు. 1914లో హార్ట్‌ఫర్డ్ నగరంలో హైరమ్ పెర్సీ మాక్సిమ్, క్లారెన్స్ టస్కా కలిసి అమెరికన్ రేడియో రిలే లీగ్ స్థాపించారు. ఒకరి సంకేతం దూరం పోకపోతే నడుమనున్నవాడు అందుకొని ముందుకు పంపాలన్నది దాని సూత్రం. 1917లో అమెరికా యుద్ధంలో దిగినప్పుడు ఔత్సాహిక కేంద్రాలన్నీ మూతపడ్డాయి. 1919 చివరికి మళ్ళీ తెరుచుకున్నాయి. 1921 డిసెంబరులో లీగ్ తరఫున పాల్ గాడ్లీ అట్లాంటిక్ దాటి స్కాట్లండు తీరాన ఆర్డ్రోసన్ దగ్గర డేరా వేసుకుని కూర్చున్నాడు. ఆ చలిలో, అమెరికా నుంచి ఔత్సాహికులు పంపిన సంకేతాలను విన్నాడు. 1923 నవంబరు 28న ఫ్రాన్సులోని నీస్ నగరం నుంచి లియాన్ డెలోయ్, అమెరికాలోని ఫ్రెడ్ ష్నెల్ సుమారు 110 మీటర్ల తరంగం మీద ఇటూ అటూ సంభాషించారు. అట్లాంటిక్ మహాసముద్రం మీదుగా ఇద్దరు ఔత్సాహికులు మాట్లాడుకోవడం అదే మొదలు.

నిపుణుల లెక్క ఎక్కడ తప్పింది? పొడవైన తరంగం నేలను అంటిపెట్టుకొని సాగుతుంది. పొట్టి తరంగం నేల మీద త్వరగా నీరసించి పోతుంది. అంతవరకు వారు చెప్పింది నిజమే. కానీ పైకి పోయిన పొట్టి తరంగాన్ని అయనోస్ఫియర్ వంచి, వేల కిలోమీటర్ల అవతల దించుతుంది. అటువంటి పొర ఉండవచ్చని 1902లోనే కెనెలీ, హెవీసైడ్ ఊహించారు. 1924లో ఆపిల్టన్ ప్రయోగంతో నిరూపించాడు. ఇంతలో ఔత్సాహికులు ఆ చవిటి నేలను దున్ని పంట చూపించారు. వెంటనే కంపెనీలు, ప్రభుత్వాలు అక్కడికి పరుగెత్తుకు రావడం, కొత్త గట్లు వేయడం లోకసహజమే.

1924 అక్టోబరు 18న లండన్‌లోని మిల్ హిల్ బడిలో చదువుకుంటున్న పద్దెనిమిదేళ్ళ సెసిల్ గోయ్డర్, న్యూజీలాండులో గొర్రెల మందలున్న ఫ్రాంక్ బెల్‌తో మాట్లాడాడు. భూగోళం మీద అంతకన్నా ఎక్కువ దూరం దాదాపు లేదు. ఈ కుర్రవాడితోనే మన కథ మొదలవుతుంది. 1936లో ఆలిండియా రేడియోకు ఛీఫ్ ఇంజనీరుగా వచ్చినవాడు ఇతడే. చేతిలో డబ్బు తక్కువ, దేశం పెద్దది. మీడియం వేవ్ కేంద్రాలు పెడితే నాలుగు నగరాల చుట్టూ తప్ప వినిపించవు. గోయ్డర్ షార్ట్ వేవ్‌ను ఎంచుకున్నాడు. 1937 డిసెంబరులో ఢిల్లీలోను, 1938లో బొంబాయి, మద్రాసు, కలకత్తాలలోను షార్ట్ వేవ్ ప్రసారాలు మొదలయ్యాయి. మద్రాసు నుంచి తెలుగు మాట దూరాలకు పోవడం వెనుక, ఒక బడిపిల్లవాడు రాత్రుళ్ళు మేలుకొని నేర్చుకున్న విద్య ఉంది.

మనవాళ్ళు మాత్రం ఊరుకున్నారా? 1921లోనే కలకత్తాలో అమరేంద్ర చంద్ర గుప్తు ఔత్సాహిక కేంద్రం నడిపాడు. 1939లో యుద్ధం రాగానే బ్రిటిష్ ప్రభుత్వం లైసెన్సులన్నీ రద్దుచేసి, ట్రాన్స్‌మిటర్లు అప్పగించమంది. యంత్రాలు జప్తు చేయవచ్చుగాని నేర్చినది జప్తు చేయడం ఎవరి తరమూ కాదు. 1942లో ఉషా మెహతా, ఆమె మిత్రులు రహస్యంగా కాంగ్రెస్ రేడియో నడిపినప్పుడు వారికి ట్రాన్స్‌మిటరు చేసిపెట్టిన నరీమన్ ప్రింటర్ యుద్ధానికి ముందు హ్యామ్. ఆ ఆగస్టు 27న ప్రసారం మొదలైంది 42.34 మీటర్ల మీద. నవంబరు 12న పోలీసులు పట్టుకొనేవరకు ఆ గొంతు ఆగలేదు. ఆ తరంగాన్ని లెక్కగడితే సుమారు 7.08 మెగాహెర్ట్జ్ అవుతుంది. ఈనాడు మన దేశంలో కొత్త హ్యాములు ఎక్కువగా మాట కలిపే 40 మీటర్ల బ్యాండులోనే అది ఉంది!

ప్రభుత్వానికి ఈ విద్యమీద అనుమానము, అవసరము రెండూ ఎప్పుడూ ఉన్నాయి. 2004 డిసెంబరులో హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ బృందం అండమాన్‌కు వెళ్ళింది. ఎన్నో ఏళ్ళుగా అనుమతి దొరకని చోటది. ప్రపంచ హ్యాములను పలకరించడానికి పోయినవారు, 26న సునామీ వచ్చి తక్కిన సంబంధాలన్నీ తెగిపోయినప్పుడు, క్షేమసమాచారాలు చేరవేసే దిక్కయ్యారు. ఆనాడు అనుమతి కోసం దస్త్రాలు కదిలించడానికి వ్యవధి లేదు. నేర్చినవారు అప్పటికే అక్కడ ఉన్నారు కాబట్టి పని జరిగింది.

అందుకే కొత్తవారికి నా మనవి. లైసెన్సు పరీక్షలో రేడియో సిద్ధాంతంతోపాటు నిబంధనలూ అడుగుతారు. రెండవదాన్ని తతంగంగా చూడకండి. ఇద్దరు మాట్లాడుకుంటున్నప్పుడు అడ్డుపడకపోవడం, ఆపదలో ఉన్నవాడికి దారి ఇవ్వడం, తన గుర్తు చెప్పి మాట్లాడడం, ఇవన్నీ 1912 నాటి నిందకు హ్యాములు తమ ప్రవర్తనతో చెప్పుకుంటూ వచ్చిన జవాబు. పరికరం కొనడానికి తొందరపడకుండా, ముందు కొన్నాళ్ళు 7 మెగాహెర్ట్జ్ దగ్గర వింటూ కూర్చోండి. పగలు దగ్గరి ఊళ్ళు, చీకటి పడ్డాక దూరదేశాలు వినిపించడం గమనిస్తే, అయనోస్ఫియర్ పాఠం పుస్తకం లేకుండానే సగం వస్తుంది. గాడ్లీ కూడా ఆర్డ్రోసన్ డేరాలో చేసిన పని అదే: అతడు మాట్లాడలేదు, విన్నాడు.