పారిస్ సంధిలో లేనివాళ్లు

మేము బడిలో చదివిన చరిత్రలో ఏడేళ్ల యుద్ధమంటే ఇంగ్లీషువాళ్లకీ ఫ్రెంచివాళ్లకీ తగాదా. 1758 డిసెంబరులో మన చందుర్తి దగ్గర వాళ్లు తలపడ్డదీ అందులో భాగమే. ఉత్తర అమెరికాలో ఈ పోరు 1754లోనే ఒహైయో నదీలోయ కోసం మొదలైంది. అక్కడి మూలవాసులను చరిత్రకారులు 'మిత్రపక్షాలు' అనే ఒక్కమాటతో సరిపెట్టారు. వాళ్లు ఎందుకు పోరాడారో చెప్పలేదు.

లెనాపే ప్రజల సంగతే చూద్దాం. ఇంగ్లీషువాళ్లు వీళ్లకు డెలావేర్లని పేరు పెట్టారు. 1737లో పెన్సిల్వేనియా పాలకులు ఒక పాత పత్రం చూపించి, ఒకటిన్నర రోజులో మనిషి నడిచినంత మేర భూమి తమదన్నారు. ముందుగానే దారి నరికించి, వేగంగా పోగలిగే ముగ్గురిని కూలికి పెట్టారు. అట్లా అరవై మైళ్లకు పైగా కొలిచేశారు. నేల పోయిన లెనాపేలలో చాలామంది పడమటికి పోయారు.

1755లో ఇంగ్లీషు సేనాని బ్రాడక్ ఓడిపోయాక లెనాపేలు ఫ్రెంచివాళ్ల పక్షం చేరి సరిహద్దు పల్లెలపై పడ్డారు. ఆ దాడుల్లో పేద వలసరైతుల కుటుంబాలూ చచ్చిపోయాయి. దాన్ని దాచాల్సిన పనిలేదు. కానీ వాళ్లను కదిలించింది ఫ్రెంచి రాజు మీది ప్రేమ కాదు, పోయిన నేల.

1758 అక్టోబరులో ఈస్టన్ ఒప్పందం జరిగింది. అలెఘెనీ కొండలకు పడమటి భూమిని వదులుకుంటామని పెన్సిల్వేనియా మాటిచ్చింది. ఒహైయో మూలవాసులు ఫ్రెంచివాళ్లను వదిలేశారు. వాళ్ల అండ పోయాక నవంబరులో ఫ్రెంచివాళ్లు తమ డ్యుకేన్ కోటను తామే పేల్చేసుకొని పోయారు. ఇంగ్లీషువాళ్లు వెనక్కి పోలేదు. అక్కడే అంతకన్నా పెద్దదైన పిట్ కోట కట్టారు.

1763 ఫిబ్రవరి 10న పారిస్‌లో సంధి కుదిరింది. మిసిసిపీకి తూర్పున తనదని చెప్పుకున్న నేలను, న్యూ ఆర్లియన్స్ తప్ప, ఫ్రాన్సు ఇంగ్లండుకి రాసిచ్చింది. ఆ నేలమీద బతికేవాళ్లను ఎవరడిగారు? మూలవాసుల ప్రతినిధి ఒక్కడూ అక్కడ లేడు. మే నెలలో ఒటావా నాయకుడు పాంటియాక్ డెట్రాయిట్ కోటను ముట్టడించాడు. తిరుగుబాటు పిట్ కోటదాకా పాకింది. జూన్‌లో అక్కడికి మాటలకొచ్చిన లెనాపే ప్రతినిధులకి మశూచి ఆసుపత్రి నుంచి తెచ్చిన రెండు దుప్పట్లు, ఒక చేతిరుమాలు బహుమానంగా ఇచ్చారు. వాటి ఖరీదు లెక్కల్లో కూడా రాసుకున్నారు.

అక్టోబరులో ఇంగ్లండు రాజు కొండల మీదుగా గీత గీసి, వలసలు దాటరాదన్నాడు. వలసదారులు ఆ గీతను లెక్కచెయ్యలేదు.

పొత్తుల గురించి ఈ రోజు మాట్లాడుకునే మనం ఈ చరిత్రను లెనాపేల వైపు నుంచి చదవాలి. యుద్ధంలో మిత్రులన్నవాళ్లు సంధి రాసేచోట మనల్ని కూచోబెడతారా? ముందే తేల్చుకోవాల్సింది అదీ.