నరసాపురం లేసు: ఇంటి అల్లిక నుంచి ప్రపంచ విపణికి

నరసాపురం లేసు గోదావరి డెల్టా స్త్రీలు కొక్కెపు సూదితో, నూలు దారంతో చేసే క్రోషె అల్లిక. పశ్చిమ గోదావరి జిల్లాలోని నరసాపురం, పాలకొల్లు ప్రాంతాలు, వశిష్ఠ పాయకు అవతలి ఒడ్డున కోనసీమలోని రాజోలు, అమలాపురం ప్రాంతాలు దీనికి నెలవు. బల్లగుడ్డలు, దిండు గలీబులు, మంచం దుప్పట్లు, పాత్రల కింద పరిచే గుండ్రని డాయిలీలు దీని ప్రధాన సరుకు. ఈ అల్లిక 19వ శతాబ్ది మధ్యకాలంలో మిషనరీ కుటుంబాల ద్వారా డెల్టాకు వచ్చింది. 20వ శతాబ్ది తొలినాళ్లకే ఎగుమతి వ్యాపారమైంది, 1970 దశకంలో లక్షమందికి పైగా స్త్రీల చేతిపనిగా విస్తరించింది. ఇంత కాలంలోనూ అల్లే పద్ధతి పెద్దగా మారలేదు. దారం ఎవరు ఇస్తారు, నమూనా ఎవరు నిర్ణయిస్తారు, సరుకు ఎవరు అమ్ముతారు అన్నవే మారుతూ వచ్చాయి. ఈ పరిశ్రమ చరిత్ర చాలావరకు ఆ మార్పుల చరిత్రే.

అల్లిక స్వభావం

లేసుల్లో ప్రధానంగా మూడు రకాలున్నాయి. సూదీదారంతో కుట్టేది ఒకటి, దిండు మీద గుండుసూదులు గుచ్చి చిన్న కండెలతో దారాలను పెనవేసేది మరొకటి, కొక్కెంతో అల్లేది ఇంకొకటి. నరసాపురం లేసు ఈ మూడో రకం. దీనికి చివర కొక్కెం ఉన్న ఒక సూది, ఒక దారపు ఉండ చాలు. మొదటి ఉచ్చులోంచి మరో ఉచ్చు లాగుతూ గొలుసు వేస్తారు. ఆ గొలుసు మీద పొట్టి కుట్లు, పొడవు కుట్లు వేసి, మధ్యమధ్య ఖాళీలు వదులుతూ పూలు, ఆకులు, జాలీలు తీరుస్తారు. సూది ఎంత సన్నమైతే అల్లిక అంత నాజూకుగా వస్తుంది, దానికి పట్టే కాలమూ, కంటికి పడే శ్రమా అంతకంతకు పెరుగుతాయి.

ఒక ఉచ్చు ముగిశాకే తరువాతిది మొదలవుతుంది కాబట్టి క్రోషె పనిని ఎక్కడైనా ఆపి, మళ్లీ అక్కడి నుంచే అందుకోవచ్చు. మగ్గం, గుంట, వేరే గది అక్కర్లేదు. వంటకూ పిల్లల సాకుడుకూ మధ్య దొరికే వ్యవధిలో, వీధి అరుగు మీదో పంచలోనో కూర్చుని చేసుకోవచ్చు. పరిశ్రమ ఇంటింటికీ పాకడానికి ఈ వీలు మొదటి కారణం. రెండో కారణం యంత్రాల పరిమితి. క్రోషె పోలికను అల్లిక యంత్రాలూ ఎంబ్రాయిడరీ యంత్రాలూ తేగలుగుతున్నాయి గాని, అసలు క్రోషె కుట్టును చేతిపనికి దీటుగా వేసే యంత్రం ఇంతవరకు వాడుకలోకి రాలేదు. అందుచేత నిజమైన క్రోషె వస్తువు ప్రపంచంలో ఎక్కడ దొరికినా అది ఎవరో ఒకరి చేతులు అల్లినదే.

లేసుకు ముందు డెల్టా

లేసు రాకముందే నరసాపురం పరిసరాలకు విదేశీ వస్త్ర వ్యాపారంతో పరిచయముంది. 17వ శతాబ్దిలో డచ్చివారు పాలకొల్లులో స్థావరం ఏర్పరచుకున్నారు. నరసాపురానికి ఆనుకుని ఉన్న మాధవాయిపాలెంలో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ గిడ్డంగి నడిపింది. ఆ ఊరి పేరుతోనే ఒక రకం తెల్లని నూలు బట్ట యూరప్ బజార్లలో మడపోలంగా చెలామణి అయింది. నరసాపురం ఓడల నిర్మాణానికీ పేరుపొందిన రేవు.

19వ శతాబ్ది మొదటి సగంలో ఈ వైభవం క్షీణించింది. లాంకషైర్ మిల్లుల చౌక బట్ట ముందు చేనేత నిలవలేకపోయింది. కంపెనీ నేత కొనుగోళ్లు ఆగిపోయాయి, పాలకొల్లు 1825లో ఇంగ్లీషువారి వశమైంది. 1832-33 కరువు కోస్తా జిల్లాలను కుదిపేసింది. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయ్యేదాకా డెల్టా రైతుకు నీటి భరోసా లేదు. లేసు అల్లిక ఈ ప్రాంతంలోకి అడుగుపెట్టింది ఈ గడ్డు కాలంలోనే.

మిషనరీల కాలం

ఇంగ్లండులోని డెవన్ నుంచి విలియం బౌడన్, జార్జ్ బీర్ తమ భార్యలతో 1836లో భారతదేశానికి వచ్చి, నరసాపురం, పాలకొల్లు కేంద్రాలుగా గోదావరి డెల్టా మిషన్‌కు పునాది వేశారు. లేసుకు భౌగోళిక సూచిక (జీఐ) గుర్తింపు కోసం సమర్పించిన చరిత్ర ప్రకారం, 1844 ప్రాంతంలో స్కాట్లండుకు చెందిన మెక్రే దంపతులు ఇక్కడి స్త్రీలకు లేసు అల్లిక నేర్పారు. గోదావరికి ఎగువన, భద్రాచలం దగ్గరి దుమ్ముగూడెంలో చర్చి మిషనరీ సొసైటీ తరఫున పనిచేసిన జాన్ కెయిన్ భార్య కూడా స్త్రీలకు లేసుపని నేర్పినవారిలో ఉన్నారు.

లేసుపనిని పేద స్త్రీలకు ఆసరాగా నేర్పడం ఆ కాలంలో ఇతరచోట్లా జరిగింది. 1845లో మొదలైన బంగాళదుంప కరువులో ఐర్లండు పల్లెలు అల్లాడినప్పుడు, క్రోషె లేసు అక్కడ బతుకుతెరువైంది. మోనాగన్ ప్రాంతంలోని క్లోన్స్‌లో కాసాండ్రా హాండ్ అనే మతాచార్యుని భార్య 1847లో ఆ పనిని వ్యాప్తిచేశారు. అంతకుముందే, 1820 దశకంలో, తిరువాన్కూరు సంస్థానంలోని నాగర్‌కోయిల్‌లో మార్తా మాల్ట్ కండెల లేసు నేర్పే కేంద్రాన్ని నడిపారు. పేద స్త్రీలకు అక్షరాలతో పాటు చేతిపని నేర్పడం, తయారైన లేసును స్వదేశంలోని పరిచయస్థులకు అమ్మి ఆ డబ్బు వారికి చేర్చడం అన్నిచోట్లా ఒకే పద్ధతి.

డెల్టాలో మొదట లేసు నేర్చినవారు ఎక్కువగా దళిత కుటుంబాల నుంచి క్రైస్తవంలోకి వచ్చిన స్త్రీలు. పొలం పనులు లేని నెలల్లో లేసు వారికి ఆసరా అయింది. కూలి పనికి తోడు చేతిలో ఒక నైపుణ్యం ఉండడం వారి జీవితాల్లో కొత్త సంగతి. దారం, నమూనా, అమ్మకం మూడూ మాత్రం మిషన్ చేతిలోనే ఉండేవి.

వ్యాపారంగా మారిన అల్లిక

1900 ప్రాంతంలో స్థానిక క్రైస్తవ కుటుంబాల వ్యాపారులు లేసును నేరుగా విదేశాలకు పంపడం మొదలుపెట్టారు. ఆ వ్యాపారులు దారం కొని ఏజెంట్లకు ఇచ్చేవారు, ఏజెంట్లు దాన్ని ఊళ్లలో స్త్రీలకు పంచేవారు. అల్లిన సరుకును ఏజెంట్లు తిరిగి తెచ్చి అప్పగిస్తే, వ్యాపారి ఉతికించి, గంజి పెట్టించి, ఇస్త్రీ చేయించి విదేశాలకు పంపేవాడు. మిషన్ కాలంలో సేవగా సాగిన పంపిణీ ఇక్కడితో వ్యాపార గొలుసుగా స్థిరపడింది. 1929లో మొదలైన ప్రపంచ ఆర్థిక మాంద్యం విదేశీ గిరాకీని దెబ్బతీసినా పని పూర్తిగా ఆగలేదు.

వ్యాపారం పెరిగేకొద్దీ పని ముక్కలైంది. పూలు అల్లేవారు వేరు, అంచులు అల్లేవారు వేరు, ఆ ముక్కలను కలిపి బల్లగుడ్డగానో దుప్పటిగానో తయారుచేసే అతుకు పని వారు వేరు. దీనివల్ల పని వేగం పుంజుకుంది, కొత్తగా నేర్చుకునేవారికి సులువైంది. వేలమంది విడివిడిగా అల్లిన ముక్కలతో పెద్ద ఆర్డర్లు పూర్తిచేయడం సాధ్యమైంది. దాంతో పాటే, పూలు అల్లే స్త్రీకి తన చేతి పువ్వు చివరికి ఏ వస్తువులో చేరుతుందో, దాని ధరెంతో తెలియకుండా పోయింది. వస్తువు మొత్తాన్ని ఒంటరిగా తయారుచేసి అమ్ముకునే అవకాశం ఆమెకు దూరమైంది.

కాలక్రమంలో కాపు కుటుంబాల స్త్రీలు పెద్ద సంఖ్యలో ఈ పనిలోకి వచ్చారు. ఘోషా పాటించడం, పొలం కూలికి వెళ్లకపోవడం గౌరవంగా భావించే ఇళ్లలో, గడప దాటకుండా నాలుగు డబ్బులు తెచ్చే పనికి విలువ ఏర్పడింది. ఆ గౌరవ భావనే వారి కూలిని తక్కువగా ఉంచడానికీ తోడ్పడింది. ఆడవాళ్లు ఖాళీ వేళల్లో చేసుకునే పనిగా చూసినప్పుడు దానికి న్యాయమైన ధర అడిగే సందర్భమే రాలేదు.

1970 దశకం: పెరిగిన ఎగుమతి, పెరగని కూలి

1960 దశకం చివర డెల్టా వ్యవసాయంలో వచ్చిన హరిత విప్లవం రైతుల చేతికి మిగులు డబ్బునిచ్చింది. నరసాపురం ప్రాంతపు స్థితిమంతులైన రైతులు కొందరు ఆ పెట్టుబడితో లేసు ఎగుమతిలోకి దిగారు. యూరప్ దేశాలకు, ఆస్ట్రేలియాకు సరుకు వెళ్లేది. ఆంధ్రప్రదేశ్ హస్తకళల ఎగుమతుల్లో లేసుది పెద్ద వాటా.

ఈ దశను లోకానికి చూపినది జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ అధ్యయనం. అంతర్జాతీయ కార్మిక సంస్థ కోసం 1970 దశకం చివర్లో ఆమె నరసాపురం పరిసర గ్రామాల్లో పరిశోధన చేశారు. నరసాపురం లేసు స్త్రీల మీద ఆ పరిశోధన 1982లో లండన్ నుంచి పుస్తకంగా వెలువడింది. లక్షకు పైగా స్త్రీలు ఈ పనిలో ఉన్నా, వారిలో అత్యధికులు అధికారిక లెక్కల్లో గృహిణులుగానే నమోదయ్యారని అందులో తేలింది. రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లితే వచ్చే ఆదాయం సగటున అర్ధ రూపాయికి కాస్త ఎక్కువ. వ్యవసాయ కూలీ స్త్రీలకు నిర్ణయించిన కనీస కూలిలో అది మూడో వంతు కూడా కాదు. స్త్రీల ఉత్పత్తి శ్రమను గృహిణి పనిగా చూపి చౌకగా వాడుకునే ప్రక్రియను వివరించడానికి మీస్ రూపొందించిన సిద్ధాంతానికి ఈ గ్రామాలే ఆధారం. ఇంటిపట్టున చేసే ఉత్పత్తి గురించి ప్రపంచవ్యాప్తంగా జరిగిన చర్చల్లో నరసాపురం పేరు అప్పటి నుంచి వినిపిస్తోంది.

అహ్మదాబాద్‌లో 1972లో ఏర్పడిన సేవ సంఘం ఇంటి నుంచి పనిచేసే స్త్రీలను కార్మికులుగా గుర్తించాలని పోరాడింది. అలాంటి ఉద్యమాల ఫలితంగా 1996లో అంతర్జాతీయ కార్మిక సంస్థ గృహాధారిత పనిపై 177వ ఒప్పందాన్ని ఆమోదించింది. ఇంటి దగ్గర పనిచేసేవారికీ ఇతర కార్మికులతో సమానమైన రక్షణ ఉండాలన్నది దాని సారం. భారతదేశం దాన్ని ఇంకా ధ్రువీకరించలేదు.

సంఘాలు, లేసు పార్కు

1982లో దేశవ్యాప్తంగా మొదలైన డ్వాక్రా పథకం 1990 దశకంలో ఆంధ్రప్రదేశ్‌లో ఊరూరా వేళ్లూనుకుంది. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం ప్రభుత్వ జోక్యం తక్కువగా ఉండే సంఘాలకు దారి తీసింది. ఈ రెండింటి ఆధారంతో లేసు స్త్రీల సంఘాలు అలంకృతి పేరుతో సమాఖ్యగా ఏర్పడ్డాయి. 2000 దశకంలో నరసాపురం దగ్గర రుస్తుంబాదలో లేసు పార్కు వెలిసింది. శిక్షణ, కొత్త నమూనాల రూపకల్పన, తయారైన సరుకు శుద్ధి, కొనుగోలుదారులతో ఒప్పందం ఒకేచోట జరగాలన్నది దాని ఉద్దేశం. ఏజెంటు ద్వారా కాకుండా సంఘం ద్వారా దారం, ఆర్డరు అందుకునే మార్గం స్త్రీలకు ఏర్పడింది.

అదే కాలంలో చైనా నుంచి వచ్చిన యంత్రపు లేసు చౌకగా మార్కెట్లను నింపింది. 2020లో కోవిడ్ ఎగుమతులను మరోసారి కుదిపింది. కంటి శ్రమకు తగ్గ రాబడి లేక కొత్త తరం అమ్మాయిలు ఇతర ఉద్యోగాల వైపు మళ్లారు. ఇప్పుడు ఈ పనిలో ఉన్న స్త్రీల సంఖ్యను పదిహేను వేలకు పైగా చెబుతున్నారు. 1970 దశకంతో పోలిస్తే ఇది చాలా తక్కువ.

కొత్త వస్తువులు, పాత లేసు

ఇంటి అలంకరణకే పరిమితమైన లేసు క్రమంగా దుస్తుల్లోకి వచ్చింది. రవికె చేతులకు అంచులు, పిల్లల గౌన్లకు కాలర్లు, స్టోల్‌లు, టోపీలు, చేతిసంచులు, దీపాల తొడుగులు, గోడకు వేలాడదీసే అలంకరణలు ఇప్పుడు తయారవుతున్నాయి. డెల్టా ఇళ్లలో తలుపు తెరలుగా, దిండు గలీబులకు అంచులుగా, టీవీ మీద కప్పుగా లేసు ఏళ్ల తరబడి కనిపించిన వస్తువే. ఇంటి దగ్గర కుట్టుపని చేసే స్త్రీలు అల్లిన లేసును తాము కుట్టిన బట్టలకు జతచేసి వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ ద్వారా అమ్ముకోగలుగుతున్నారు. ఇలా అమ్మే స్త్రీ దారం తానే కొంటుంది, ధర తానే చెబుతుంది.

యూరప్, అమెరికాల్లో పాత వస్తువుల సంతల్లో చేతి లేసుకు స్థిరమైన గిరాకీ ఉంది. పాత డాయిలీలను, బల్లగుడ్డల ముక్కలను కొని కొత్త దుస్తులకు కుట్టుకునేవారు చాలామంది. చేతి అల్లికను గుర్తించడానికి వారికి కొన్ని ఆనవాళ్లున్నాయి. కుట్ల బిగువు అక్కడక్కడ స్వల్పంగా మారుతుంది, దారం కొసలు కుట్ల మధ్య దాచి ఉంటాయి, పువ్వుకూ పువ్వుకూ మధ్య అతుకు కనబడుతుంది. యంత్రపు లేసులో కోసిన అంచుల దగ్గర నూగు తేలుతుంది. అయితే ఒక పాత ముక్క నరసాపురానిదా, మరో దేశానిదా అని కుట్టును బట్టి తేల్చడం కష్టం. అల్లిన ఊరి పేరు లేకుండానే సరుకు దశాబ్దాల పాటు సముద్రాలు దాటింది.

భౌగోళిక సూచిక

ఊరి పేరు లేని ఆ లోటును తీర్చే ప్రయత్నంగా అలంకృతి సమాఖ్య నరసాపురం క్రోషె లేసు ఉత్పత్తులకు భౌగోళిక సూచిక కోరింది. చెన్నైలోని రిజిస్ట్రీ 2024లో గుర్తింపునిచ్చింది. దీనితో నిర్ణీత ప్రాంతంలో, నిర్ణీత పద్ధతిలో చేతితో అల్లిన లేసుకే ఆ పేరు వాడుకునే హక్కు చట్టబద్ధమైంది. యంత్రపు సరుకును నరసాపురం పేరుతో అమ్మితే చట్టపరంగా ఎదుర్కోవచ్చు.

సూచిక సరుకుకు ఊరి పేరు తెచ్చింది గాని కూలిని నిర్ణయించలేదు. పేరుకు దక్కే అదనపు ధరలో అల్లినవారి వాటా ఎంత ఉండాలన్నది సంఘాల బలం మీద, సరుకు కొనేవారితో వారు చేసుకునే ఒప్పందాల మీద ఆధారపడుతుంది. అల్లికలో నైపుణ్యం డెల్టా స్త్రీల దగ్గర తరతరాలుగా ఉంది. దారం, నమూనా, మార్కెట్ కూడా వారి చేతుల్లోకి వస్తేనే కొత్త తరం ఈ పనిని బతుకుతెరువుగా ఎంచుకుంటుంది.