మంచె కాళ్ళు: పెరటి కొయ్యల పుట్టుపూర్వోత్తరాలు

భద్రాచలమునుండి గోదావరి వెంబడి దుమ్ముగూడెము, చర్ల వైపునకు పోయినను, ఆవలి యొడ్డున బూర్గంపహాడు, అశ్వాపురము మీదుగా మణుగూరు దారి పట్టినను, ఇంటి వెనుక దొడ్డిలో నాలుగు గుంజలపై దూలములు వేసి, వాటిపై వెదురు తడికనో చెక్కపలకలనో పరచిన మంచె తరచుగా కంటబడుచుండును. ఇప్పపువ్వు ఎండబెట్టుకొనుటకును, పశువుల మేతను చెదలకు అందకుండ నిలువచేసికొనుటకును, వేసవి రాత్రులలో తేళ్ళకును పాములకును ఎడముగా మేను వాల్చుటకును పనికివచ్చు ఈ మంచె, చేను కాచుటకు వేయు ఎత్తు మంచెకు చెల్లెలు. ఇటీవల ఖమ్మము, కొత్తగూడెము పట్టణములలో కొత్త యిండ్లు కట్టుకొన్నవారు పెరటిలో కుర్చీలు వేసికొనుటకు పలకల వేదికలు నిర్మించుకొనుచున్నారు. అమెరికాలో స్థిరపడిన మన బంధువుల యిండ్ల వెనుకనున్న డెక్కులును ఈ జాతివే. రూపము మారినను వీటియన్నిటి ఆయువును నిర్ణయించునది ఒక్కటే: కాలు మంటిని తాకు జానెడు చోటు. పాతది కూలి కొత్తది కట్టుకొనవలసి వచ్చినప్పుడు ఏ కొయ్య కొందుమని అడుగువారు సాధారణముగా పలకనుగూర్చి అడుగుదురు. అడుగవలసినది కాలినిగూర్చి. ఈ వస్తువు చరిత్ర యంతయు ఆ జానెడు చోటును కాపాడుకొనుటకు మనుష్యులు చేసిన ప్రయత్నముల చరిత్రయే.

శిథిలమైన మంచె గుంజ నొకదానిని పెకలించి చూచినవారికి ఈ సంగతి విశదమగును. మంటిపై నిలిచిన భాగము ఎండకు నెరసి, బూడిదవన్నె తేలి, బీటలు వారియుండినను, గొడ్డలిమడమతో కొట్టినచో ఖంగుమని పలుకును. లోతున పాతిన అడుగుకొస సైతము పెక్కుమారులు గట్టిగానే యుండును. ఆ రెంటి నడుమ, నేలమట్టమునకు బెత్తెడు పైనను బెత్తెడు క్రిందను, కొయ్య నడుము సన్నగిల్లి, గోటితో గిల్లిన పొడియై రాలుచు, లోపల చెదల మట్టిదారులు నిండి కనబడును. కొయ్యను తిను బూజుజాతులకు తేమయు గాలియు రెండును కావలయును. పైభాగమున తేమ నిలువదు. లోతున గాలి చాలదు. నేలమట్టమున మాత్రము రెండును సమృద్ధిగా దొరకును. కావున గుంజ అక్కడనే విరుగును, పైనున్న పలక ఎంత ఖరీదైనదైనను దానితోపాటు కూలును.

ఈ యెఱుక కోయ, కొండరెడ్డి పల్లెల పనివారికి తరతరముల అనుభవమువలన అబ్బినది. మ్రాను బలము వేరు, మన్నిక వేరు అని వారెరుగుదురు. తిరుమాను బండి ఇరుసునకును గొడ్డలి కామకును పేరెన్నికగన్న బలిష్ఠమైన కఱ్ఱ. అయినను మంటిలో పాతినచో ఆ బలము ఎక్కువకాలము నిలువదు. నల్లమద్ది దూలముగా పైన నుండి బరువు మోయుటకు తగినది. కాళ్ళకు మాత్రము చేవ నిండిన కొండతంగేడు, ఏగి, టేకు. ఈ కొండతంగేడు జాతిమ్రానినే బర్మాలో వంతెనలకును రైలు పట్టాల క్రింది స్లీపర్లకును వాడిరన్నచో దాని మన్నికనుగూర్చి వేరుగ చెప్పనక్కరలేదు. పైపరుపునకు వెదురు చాలును. అది కొన్ని యేండ్లకు ఒకమారు మార్చుకొనవలసినదే యని ముందే ఒప్పుకొన్న ఏర్పాటు. ఆ వెదురునైనను లేతది నరుకక, మూడేండ్లు దాటిన బొంగును వానలు వెనుకపట్టిన పిమ్మట నరికి, వాగునీటిలో కొన్నాళ్ళు నానవేసి, తరువాత నీడలో ఆరబెట్టుట మేలు. వెదురులోని పిండిపదార్థమునకై పురుగు తొలుచును. నీట నానినచో ఆ పిండి కొంత కరగిపోవును. ఒకే మంచెలో కాలికొక మ్రాను, దూలమునకొక మ్రాను, పరుపునకు వెదురు: ఈ విభజనలో ఎంతటి వివేకమున్నదో, అన్నింటికిని ఒకే రకపు పలక కొనుచున్న మనము గమనింపవలసియున్నది.

ఈ ఎంపిక చేసికొను స్వేచ్ఛ అడవిబిడ్డల చేతినుండి జారిన తీరు వేరొక కథ. గోదావరికి ఎడమయొడ్డునున్న భద్రాచల ప్రాంతమును 1860లో నిజాము ప్రభువు ఆంగ్లేయులకు వదలుకొనెను. అది మొదట మధ్యపరగణాలతోను, 1874లో మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాతోను కలిసెను. కుడియొడ్డున పాల్వంచ ప్రాంతము నిజాము రాజ్యముననే నిలిచెను. గోదావరిని ఎగువదాక ఓడలదారిగా మార్చవలయునన్న సంకల్పముతో దుమ్ముగూడెము వద్ద ఆనకట్ట కట్టిరి గాని, ఆ పథకమును 1871లో విడిచిపెట్టిరి. ఓడలు రాకున్నను కలపకు నది దారి యిచ్చెను: టేకు దుంగలను, వెదురుమోపులను తెప్పలుగా కట్టి, పాపికొండల నడుమగా రాజమహేంద్రవరపు కలప అడితులకు దిగవిడుచుచుండిరి. 1882 నాటి మద్రాసు అడవి చట్టము తరువాత, ఏ మ్రాను ఎవరు నరుకవచ్చునో సర్కారు నిర్ణయింపసాగెను. అల్లూరి సీతారామరాజు నాయకత్వమున 1922లో మన్యము తిరుగబడుటకు గల హేతువులలో అడవి ఆంక్షలు ముఖ్యమైనవి. పాపికొండల ప్రాంతపు కొండరెడ్లను పరిశీలించి 1945లో గ్రంథము ప్రకటించిన మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్, కలప వ్యాపారుల చేతిలో వారు పడిన అగచాట్లను అందు వర్ణించెను. మ్రానును ఎఱిగినవాడు కూలివాడుగా మారగా, మ్రానును ఎఱుగనివాడు కొనుగోలుదారుడైనాడు. 1959లో భద్రాచలము తూర్పుగోదావరి నుండి ఖమ్మము జిల్లాలో కలిసినను ఈ స్థితి మారలేదు.

నేడు పెరటి వేదికకు కఱ్ఱ కావలసినవాడు కోతమిల్లునకు పోవును. అచ్చట టేకు అనుపేర అమ్మబడు దుంగలో చేవ యెంత, చేవలేని తెల్లపొర యెంత అని చూచి కొనువారు కొద్దిమంది. టేకు కీర్తి యంతయు దాని చేవలోని సహజద్రవ్యములవలన వచ్చినది. చెదలు వాటినే రోయును. వయసు చాలని టేకులో చేవ కొద్ది, తెల్లపొర హెచ్చు. ఆ తెల్లపొరను చెదలు సామాన్యపు కఱ్ఱను తినినట్లే తినును. బంగారు గోధుమవన్నె చేవ అంచున పాలిపోయిన పట్టీ కనబడినచో ఆ ముక్కను కాలికి వాడరాదు.

చేవలేని కఱ్ఱకు చేవ కల్పించిన ఘనత తెలుగు పేరుగల ఒక శాస్త్రజ్ఞునికి దక్కుట మనము సగర్వముగా చెప్పుకొనదగిన విషయము. 1906లో స్థాపితమైన డెహ్రాడూను అటవీ పరిశోధనాలయములో పనిచేసిన శొంఠి కామేశంగారు 1933లో రాగి, క్రోమియము, ఆర్సెనికముల లవణములను నీట కలిపి, ఆ ద్రావణమును పీడనముతో కొయ్యలోనికి ఎక్కించు విధానమును కనిపెట్టిరి. రాగి బూజును చంపును, ఆర్సెనికము చెదలను చంపును, క్రోమియము ఆ రెంటిని కొయ్యపోగులకు పట్టియుంచి వానకు కొట్టుకొనిపోకుండ చేయును. అంతకుముందు సైతము లవణములతో కొయ్యను తడుపువారు లేకపోలేదు గాని, వాన కురిసిన మందు కరగిపోవుచుండెను; మూడవదానిని చేర్చి ఆ లోపమును తీర్చుటయే కామేశంగారి ప్రతిభ. ‘అస్కు’ అనుపేర ప్రసిద్ధికెక్కిన ఈ విధానమునకు 1938లో అమెరికా పేటెంటు లభించెను. 1970ల నుండి ఆ దేశమున చవకైన పైను కఱ్ఱకు ఈ మందు పట్టించి, లేతపచ్చవన్నె తేలిన ఆ పలకలతో ఇంటింటి వెనుక డెక్కులు కట్టిరి. డాలసులోను న్యూజెర్సీలోను పాత యిండ్లు కొన్న మనవారిలో ఎందరో, ఒక తెలుగువాని ఆవిష్కారముపై కుర్చీ వేసికొని కాఫీ త్రాగుచున్నామని ఎఱుగరు. మన పిల్లల పాఠ్యపుస్తకములలో ఆయన పేరు ఉండి తీరవలెనని నా దృఢాభిప్రాయము.

ఆర్సెనికము కొద్దికొద్దిగా మంటిలోనికి దిగుట, పిల్లల చేతులకు అంటుట తెలిసిన పిమ్మట, 2003 డిసెంబరు 31తో అమెరికాలో నివాసగృహములకై ఈ కొయ్యను తయారుచేయుట ఆపివేసిరి. తరువాత వచ్చిన మందులలో ఆర్సెనికము లేదు గాని రాగి హెచ్చు. అందువలన మామూలు ఇనుపమేకు త్వరగా తుప్పుపట్టును, జింకుపూత చిక్కగా నున్న మేకులో, స్టెయిన్‌లెస్ మేకులో వాడవలసివచ్చును. మందు పట్టించిన పాత కొయ్యను ఎన్నడును పొయ్యిలో పెట్టరాదు. దాని బూడిదలో ఆర్సెనికము మిగిలియుండును.

ఈ సీమలో ఇప్పుడు విరివిగా దొరకునది జామాయిల్. సారపాకలో 1979లో ఉత్పత్తి ఆరంభించిన కాగితపు మిల్లువలన ఈ చుట్టుపట్ల జామాయిల్, సుబాబుల్ తోటలు విస్తరించినవి. కాగితపు గుజ్జుకు పెంచిన లేత జామాయిల్ గుంజ పందిరికి, సెంట్రింగుకు చాలును. మంచె కాలుగా పాతినచో చెదలకు విందు. వెదురుమాట కొంత మెరుగైనది: అడవి వెలుపల పెంచిన వెదురును 2017లో చట్టము చెట్ల జాబితానుండి తొలగించినందున, సొంత గట్టుపై పెంచి నరుకుకొనుటకు దారి సుగమమైనది.

గోదావరి వరదను మరచి ఇచ్చట ఏదియు కట్టరాదు. భద్రాచలము వద్ద నీటిమట్టము 1986 ఆగస్టులో 75.6 అడుగులకును, 2022 జూలైలో 71.3 అడుగులకును చేరినది. వరద తీసినను గుంజ మొదట పేరుకొన్న ఒండ్రు నెలల తరబడి తేమను విడువదు. ఇనుప గొట్టము వాడినచో ఈ బెడద తప్పునని కొందరు తలచుచున్నారు గాని, ఇనుము సైతము తుప్పుపట్టి తెగునది ఆ నేలమట్టముననే. కొత్తగా వచ్చిన ప్లాస్టిక్కు కలిపిన పలకలను చెదలు ముట్టవు, నిజమే. మన మే నెల యెండకు అవి అరికాలు మోపలేనంత వేడెక్కును, దూలములు దగ్గర దగ్గరగా లేకున్న వంగును.

కాబట్టి పెరటి మంచెను మరల కట్టుకొనువారికి నా మనవి ఇది. సొమ్ము తక్కువైనచో పలకలో తగ్గించుకొనుడు, కాలిలో తగ్గించుకొనకుడు. కొయ్యకాలిని మంటిలో పాతక, రాతికడీ మీదనో కాంక్రీటు దిమ్మె మీదనో, నేలకు జానెడైనను ఎత్తున నిలుపుడు. దిమ్మెపై నీరు నిలువకుండ వాలు పెట్టుడు. పలకకు పలకకు నడుమ వ్రేలు దూరునంత సందు విడుడు. మందు పట్టించని పాత గుంజలను పెకలించినచో, వంటచెరకునకు పంపుటకు ముందు గొడ్డలిమడమతో ఒకమారు తట్టి చూడుడు. మంటిపైన నిలిచిన భాగము గట్టిగా పలికినచో, చెడిన జానెడు కోసివేసి, దానిని కొత్త మంచెకు దూలముగా ఎక్కించుకొనవచ్చును.